తొమ్మిదో తరగతికి ‘రిటైల్’ సబ్జెక్టట! సర్కారు బడికే ఎందుకీ ఒకేషనల్ చదువు?

మిరపతోట_రాజు
మా వాడు జడ్పీ హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాడు. మొన్న సంచిలోంచి కొత్త పుస్తకం తీశాడు, అట్ట మీద ‘రిటైల్’ అని ఉంది. తిరగేశా. కొట్లోకి మనిషొస్తే ఎలా పలకరించాలి, అరల్లో సరుకు ఎలా సర్దాలి, పాత సరుకు ముందుకీ కొత్తది వెనక్కీ ఎందుకు పెట్టాలి... మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. ఇవన్నీ నాకు చిన్నప్పుడే వచ్చు, తప్పు సర్దితే మొట్టికాయతో సహా. ఆ కొట్లోంచి బయటపడతాడనే కదా వీణ్ణి బడికి పంపేది!

అదే వీధిలో కాన్వెంటు పిల్లలకి ఈ పుస్తకం లేదు. వాళ్ళకి ఐఐటీ ఫౌండేషనంట. హెడ్మాస్టారుని అడిగితే “పైనుంచొచ్చిందండీ, మేమేం చేస్తాం” అన్నాడు. ఆ పైనెవరు? ఎప్పుడు మొదలైంది ఈ యవ్వారం? తెలిసినోళ్ళు చెప్పండి, తిట్టుకోడానికైనా ఒక పేరుండాలిగా.

సున్నాకి_సున్నా
పలకరించడం నేర్పితే తప్పేముంది బ్రో. మా ఊళ్ళో సూపర్‌మార్కెట్టుకెళ్తే బిల్లు కొట్టేవాడు ఫోన్లోంచి తలెత్తడు.

చాక్‌పీసు_పొడి
నేను సర్కారు బడి టీచర్నే, అందరూ కలిసి నా మీద పడకండి. రాజు గారూ, మీరు చూసింది ఎన్‌ఎస్‌క్యూఎఫ్ పుస్తకం. అంటే నేషనల్ స్కిల్స్ క్వాలిఫికేషన్స్ ఫ్రేమ్‌వర్క్, ఏ పని ఎంత వచ్చో మెట్లుగా లెక్కగట్టడానికి 2013 డిసెంబర్లో కేంద్రం నోటిఫై చేసిన పద్ధతి. అప్పట్లో తొమ్మిదికి లెవెల్ 1, పదికి 2, పదకొండు పన్నెండుకి 3, 4. డబ్బు మొదట్లో కేంద్రం హైస్కూళ్ళకి పెట్టిన పథకం ఆర్‌ఎంఎస్‌ఏ కింద వచ్చేది, 2018 నుంచి సమగ్ర శిక్ష కింద వస్తోంది. రిటైల్ ఒక్కటే కాదు, ఐటీ, వ్యవసాయం, హెల్త్‌కేర్, బ్యూటీ అండ్ వెల్‌నెస్, టూరిజం, ఆటోమొబైల్, ఇలా చాలా ఉన్నాయి. బడికి మామూలుగా రెండు ఇస్తారు. ఏ రెండో మిమ్మల్నీ అడగరు, మమ్మల్నీ అడగరు.

చెప్పే మనిషి మా స్టాఫు కాదు, ఏజెన్సీ పంపే ట్రైనరు. మా బళ్ళోకి ఒకమ్మాయి వచ్చేది, బాగా చెప్పేది కూడా. ఒక జూన్‌లో కాంట్రాక్టు రెన్యువల్ కాలేదని ఇక రాలేదు. ఆ ఏడాది పదో తరగతికి ఆ పీరియడ్లు ఎవరికి పడ్డాయంటే నాకు. నేను లెక్కల టీచర్ని. సబ్జెక్టు బ్యూటీ అండ్ వెల్‌నెస్.

సున్నాకి_సున్నా
సార్ ఫేషియల్‌కి ఎంత తీసుకుంటారు

చాక్‌పీసు_పొడి
ముందు ఎక్కాలు అప్పజెప్పు, తర్వాత చూద్దాం.

పాతపేపరు
తిట్టుకోడానికి పేరు కావాలన్నారు కదా, ఒక్కటి కాదు, చాంతాడంత జాబితా ఉంది. దొరల కాలం నుంచి లాగాలి.

చదువుల గురించి లండన్ నుంచొచ్చిన 1854 వుడ్స్ డిస్పాచ్‌లోనే జనానికి బతుకులో పనికొచ్చే చదువు చెప్పాలని రాసుకున్నారు. 1882 హంటర్ కమిషన్ ఇంకాస్త ముందుకెళ్ళి హైస్కూలు పై తరగతుల్ని రెండు పాయలుగా చీల్చమంది. ఒకటి యూనివర్సిటీ ఎంట్రన్సుకి, రెండోది వ్యాపారం, చేతిపనుల వైపుకి. ఆ రెండో పాయలో నీళ్ళే పారలేదు. గుమస్తా ఉద్యోగానికి మెట్రిక్యులేషన్ అడుగుతున్నంత కాలం కొడుకుని వడ్రంగం క్లాసులో కూర్చోబెట్టే తండ్రి ఎవడు? రాజు గారూ, 140 ఏళ్ళ క్రితం తండ్రులు కూడా అచ్చం మీలాగే ఆలోచించారు.

అదే హంటర్ కమిషన్‌కి ఫూలే ఇచ్చిన వాంగ్మూలం ఒకటుంది. పల్లె బళ్ళలో సేద్యం గురించి కొంత చెప్పాలని ఆయనా అన్నాడు. కానీ గట్టిగా అడిగింది వేరే. సర్కారు ఖజానా నిండేది రైతు చెమటతో, ఆ డబ్బేమో పైవర్ణాల పై చదువులకి పోతోంది, ముందు అందరికీ పన్నెండేళ్ళ దాకా నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టండి అని.

తర్వాతి మజిలీ వార్ధా. 1937 అక్టోబర్లో గాంధీ అక్కడ విద్యా సభ పెట్టించాడు. జాకీర్ హుస్సేన్ (పుట్టింది మన హైదరాబాద్‌లోనే) అధ్యక్షుడిగా కమిటీ వేసి సిలబస్ రాయించారు, 1938లో హరిపుర కాంగ్రెస్ ఒప్పుకుంది. బడి మొత్తం ఒక చేతిపని చుట్టూ తిరగాలి. వాళ్ళ టైంటేబుల్ చూడండి: బడి రోజుకి అయిదున్నర గంటలు, అందులో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు, మాతృభాషకి 40 నిమిషాలు. పిల్లలు తయారుచేసిన సరుకు అమ్మితే అయ్యవారి జీతం రావాలని గాంధీ ఆశ. ఇది బడా, కార్ఖానానా అని అప్పుడే గట్టిగా అడిగినవాళ్ళున్నారు.

తాతగారి_ఖాతా
తాతయ్య పక్కన కూర్చుని చెప్తున్నాడు, నేను టైపు కొడుతున్నా. ఆయనది బేసిక్ ట్రైనింగ్ స్కూలు బ్యాచ్, అంటే పైన చెప్పిన గాంధీ పద్ధతిలో పంతులు ట్రైనింగు. ఆయన మాటల్లోనే:

“దూది ఏకు ఎడంచేతిలో పట్టుకోవాలి. కుడిచేత్తో నూలు వడికే తకిలీ పుల్లని వేళ్ళతో ఒక్క తిప్పు తిప్పి వదిలితే కింద బిళ్ళ బరువుకి గిర్రున తిరుగుతుంది. అది తిరిగే వేగానికి సరిగ్గా ఏకు లాగుతూ పోవాలి. తొందరపడ్డావా, పోగు తెగుతుంది. ఆలస్యం చేశావా, మెలికలు పడి వానపాములా లావెక్కుతుంది. నాది ఎప్పుడూ తెగేదే. ఇనస్పెక్షన్ ఉందంటే ముందురోజు ఒకణ్ణి సైకిలిచ్చి ఖాదీ భండారుకి పంపి నూలు కొనుక్కొచ్చేవాళ్ళం. ఇనస్పెక్టరుకీ తెలుసు. ఆయనా అలాగే పాసయ్యాడు.

పని నేర్పడంతో అయిపోదు, దాంట్లోంచి పాఠం లాగాలి. పోగుల్లోంచి లెక్కలు, పత్తి చేలోంచి భూగోళం. అక్కడిదాకా లాగించేవాణ్ణి. పత్తిలోంచి అశోకుడి దగ్గరికి ఎలా వెళ్ళాలో నాకు చివరిదాకా అంతుబట్టలేదు.”

ఇప్పుడు కాఫీ అడుగుతున్నాడు, మళ్ళీ వస్తా.

సున్నాకి_సున్నా
తాతయ్యకి సపరేట్ ఖాతా తెరవండి, నేను ఫాలో అవుతా

నల్గొండ_పిల్ల
తాతగారు మంచిగ జెప్పిన్రు. మా తాత ముచ్చట ఇంకో దిక్కుది. మాది మగ్గమున్న ఇల్లు. ఎనిమిదేండ్లకే కండెలు చుట్టెటోడట. బళ్ళె సారు తకిలి తెచ్చి తిప్పుమంటె క్లాసు మొత్తంల పోగు తెగంది ఈయనదొక్కటే, ఎవలకు తెగినా ఈయనే అతకవెట్టెటోడు. సారుకు గూడ ఈయనే నేర్పిండంట.

మరి ఏమైంది? చేతిపనికి మార్కులు లెక్కకు రావు. లెక్కలల్ల, ఇంగ్లీషుల తప్పిండు. బడి బంద్. పనొచ్చిన పోరడు ఇంటికి వోయిండు, పనిరానోళ్ళు పై క్లాసుకు వోయిన్రు. గాంధీ ఆలోచన గొప్పదే కావచ్చు, గని ఆ కమిటీల కూసున్న పెద్దమనుషుల పిల్లలు ఏ బళ్ళె చదివిన్రో ఎవలన్న జెప్పుండ్రి.

పాతపేపరు
నల్గొండ గారి ప్రశ్నకి ముడిపడ్డ కథే 1953ది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ముఖ్యమంత్రి రాజాజీ. ఆ ఏడాది బళ్ళు తెరిచేసరికి పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలకి కొత్త పద్ధతి తెచ్చారు. అయిదు గంటల బడిని మూడు గంటలకి కుదించి పిల్లల్ని రెండు పూటలుగా విడగొట్టారు. బళ్ళో లేని పూట మగపిల్లాడు తండ్రి పని నేర్చుకోవాలి, ఆడపిల్ల తల్లితో ఇంటిపని. మంగలి కొడుకు మంగలి దగ్గర, చాకలి కొడుకు రేవులో. ‘కులకల్వి’ (తమిళంలో కులవిద్య) అని పేరుపెట్టి పెరియార్, ద్రావిడ పార్టీలు రోడ్డెక్కాయి. కాంగ్రెస్ లోపల కూడా పొగ లేచింది. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1954లో రాజాజీ దిగిపోయాడు, తర్వాత వచ్చిన కామరాజు ఆ స్కీమునే ఎత్తేశాడు.

కోనసీమ_కుర్రోడు
ఆగండాగండి. రాజాజీని విలన్ని చెయ్యడం తేలికే. అప్పుడు ఊరికో బడి లేదు, బడికో పంతులు లేడు, ఖజానాలో డబ్బుల్లేవు. ఉన్న గదిలో, ఉన్న పంతులితో రెట్టింపు మంది పిల్లలకి అక్షరాలు చెప్పాలంటే రెండు పూటలు తప్ప దారేది? ఇప్పటికీ ఎండాకాలం వస్తే ఒంటిపూట బడే కదండీ. ఆ మిగిలిన పూట పిల్లాడు ఖాళీగా తిరక్కుండా ఏదో పని నేర్చుకుంటే తప్పేటి?

నల్గొండ_పిల్ల
డబ్బుల్లేవు, పూటబడి పెడ్తున్నం అని జెప్పి ఊకుంటే ఎవలు కాదన్నరు? మిగిలిన పూట “అయ్య పనే” నేర్వాలని ఎందుకు రాసుడు? ఇంకోటి, పల్లెలకే ఎందుకు పెట్టిన్రు, మద్రాసు పట్నంల ఎందుకు వెట్టలే? వకీలు కొడుకును ఆ పూట కోర్టుకు తోలిన్రా?

కోనసీమ_కుర్రోడు
వకీలు కొడుకు తోలకుండానే వెళ్తాడులెండి. మీ మాటలో నిజం లేదనను. కానీ ఉద్దేశం కులమే అంటే నేనొప్పుకోను. ఉద్దేశం పొదుపు.

నల్గొండ_పిల్ల
పొదుపు ఎవల మీద చేసిన్రన్నదే నేనడిగేది.

అడ్మిన్
చూస్తూనే ఉన్నా. ఇప్పటిదాకా మర్యాదగానే నడుస్తోంది, అలాగే కానివ్వండి.

డల్లాస్_బాబాయి
ఈ గొడవ అమెరికాలో కూడా పొల్లుపోకుండా జరిగింది. 1917 ఫిబ్రవరిలో స్మిత్-హ్యూస్ చట్టం అని వచ్చింది. హైస్కూళ్ళలో వ్యవసాయం, పారిశ్రామిక పనులు, గృహవిజ్ఞానం చెప్పే టీచర్ల జీతాలకి ఫెడరల్ ప్రభుత్వమే డబ్బిచ్చేది. షాప్ క్లాసు (వర్క్‌షాపులో చేతిపని క్లాసు) అంటే ఇక్కడ ముసలాళ్ళకి ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. కర్ర కోసి పక్షిగూడు చెయ్యనివాడు లేడు.

దానికి రెండేళ్ళ ముందే విద్యావేత్తలు జాన్ డ్యూయీకీ డేవిడ్ స్నెడెన్‌కీ పత్రికలో పెద్ద వాదన నడిచింది. ఫ్యాక్టరీకి కావలసిన మనుషుల్ని బడి తయారుచెయ్యాలని స్నెడెన్. పని ద్వారా చదువు చెప్పడం వేరు, పిల్లల్ని చిన్నప్పుడే కూలీలుగా, దొరలుగా విడగొట్టడం వేరని డ్యూయీ. చట్టం వచ్చింది స్నెడెన్ దారిలోనే. అంతకుముందు నల్లవాళ్ళలో బుకర్ టి. వాషింగ్టన్ ముందు చేతిపని నేర్వండి, గౌరవం తర్వాత వస్తుందన్నాడు. ఇంకో నల్లజాతి మేధావి డుబాయ్స్ అడ్డం తిరిగాడు, మా పిల్లలకి లాటిన్ ఎందుకొద్దని. పైన నల్గొండమ్మ, కోనసీమ తమ్ముడు మాట్లాడుకున్నది నాకు అలాగే వినిపించింది.

ఇప్పుడు పరిస్థితి వేరే. మా ఊరి హైస్కూల్లో వెల్డింగు క్లాసుకి వెయిటింగ్ లిస్టు. మావాడు చేరతానన్నాడు. ఇంట్లో వాళ్ళమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు.

సున్నాకి_సున్నా
ఇండియా నుంచి వెళ్ళి కొడుకుని వెల్డర్ని చేస్తావా బాబాయ్ 😂 ఊళ్ళో తెలిస్తే పెళ్ళి సంబంధాలు రావు

డల్లాస్_బాబాయి
ఇక్కడ ప్లంబరు ఇంటికొచ్చి ట్యాపు చూసి వెళ్ళిన బిల్లు నీకు చూపిస్తే నువ్వే అప్లై చేస్తావు. వాడు చివరికి కంప్యూటర్ సైన్సే తీసుకున్నాడులే. వాళ్ళమ్మ గెలిచింది.

బందరు_కాలవ
సర్కారు బడి కాకపోయినా మా బందరు సంగతి చెప్పకపోతే ఈ చర్చకి నిండుదనం రాదు. ఆంధ్ర జాతీయ కళాశాల. వందేమాతరం ఉద్యమం వేడిలో పుట్టింది. కోపల్లె హనుమంతరావు గారు ప్రాణం పెట్టి నడిపారు, పక్కన ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య. అక్కడ చదువుతో పాటు నేత, తివాచీలు, రంగుల అద్దకం, చిత్రలేఖనం. దొర బడి గుమస్తాల్ని తయారుచేస్తుంది, మేం మనుషుల్ని తయారుచేస్తాం అన్నట్టుండేది వాళ్ళ పట్టుదల. పింగళి వెంకయ్య గారు అక్కడ పాఠాలు చెప్పారు.

గమనించాల్సిందేంటంటే అక్కడ చేతిపని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళు ఇష్టపడి వచ్చారు. “మీకింతే” అని ఎవరూ తోలలేదు.

కర్నూలు_రొట్టె
మా నాయన మల్టీపర్పస్ హైస్కూలు మనిషి. ఆ పేరు ఇప్పటి పిల్లోళ్ళకు తెలీదు గానీ పాత ఊర్లలో బోర్డులింకా ఉండాయి. 1952-53 మొదలియార్ కమిషన్ పుణ్యం అది. హైస్కూల్లో ఏడు గ్రూపులు పెట్టమన్యారు: హ్యుమానిటీస్, సైన్సు, టెక్నికల్, కామర్సు, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. ఒకే బడి, ఒకే గేటు, ఎవురికి నచ్చింది వాళ్ళు తీసుకోవచ్చు.

మా నాయన టెక్నికల్. ఆకురాయి పట్టి ఇనుపముక్క చదరంగా అరగదీయడమే ఏడాదంతా. అరగదీసిందానిమీద స్కేలు నిలబెట్టి వెలుతురుకెదురుగా పట్టి చూసేదంట సారు, సందులో వెలుతురు కనపడితే మళ్ళా మొదటికి. ఆయన ఇప్పటికీ ఇంట్లో తలుపు బిగిస్తే గాలి దూరదు. ఆ బళ్ళో లేతు మిషను కూడా ఉన్న్యాదంట. నేను అదే బళ్ళో చదివినప్పుడు ఆ వర్క్‌షాపు గదికి తాళం. లోపల ఏముందని అడిగితే అటెండరు పాములున్నాయన్యాడు.

పాతపేపరు
మల్టీపర్పస్ బళ్ళు దెబ్బతిన్న కారణం కూడా చెప్పుకోవాలి. ఏడు గ్రూపులన్నారు గానీ మూడు, నాలుగు నడిపితే గొప్ప. సైన్సు గ్రూపు నుంచి కాలేజీకి తలుపు తెరిచి ఉంది, వ్యవసాయం గ్రూపు నుంచి అంత సులువు కాదు. పైగా లేతు కొనడానికి డబ్బొస్తుంది, దాన్ని నడిపే టీచరుకి మాత్రం బళ్ళో ఇచ్చే జీతం కంటే బయట కార్ఖానాలో ఎక్కువ వస్తుంది. ఉండమంటే ఎందుకుంటాడు?

కుట్టుమిషను
ఇన్ని పోస్టులు చదివాను, బళ్ళో చేతిపని చెప్పే మనిషి ఒక్కరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతా. క్రాఫ్టు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ని.

మా దారి ఎలా ఉంటుందో చెప్తా. ముందు టైలరింగ్ లోయరు, తర్వాత హయ్యరు. రెండూ సర్కారు పరీక్షలే, టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సంటారు. డ్రాయింగు, చేనేత కూడా ఇందులోనే. అది పాసయ్యాక ఎండాకాలం 42 రోజుల టీచర్ ట్రైనింగు, టీటీసీ. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద. ఇంత చేశాక పోస్టులు లేవు. పాత క్రాఫ్టు టీచర్లు రిటైరవుతూ పోయారు, వాళ్ళ ఖాళీల్లో మాలాంటివాళ్ళు నింపలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఏం రాసిందో తెలుసా? ఆరు నుంచి ఎనిమిది వరకు వందమంది దాటిన బడికి ఆర్టు, ఆరోగ్య-వ్యాయామ విద్య, పనివిద్యలకి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు అని. చట్టమే మమ్మల్ని ‘పార్ట్‌టైం’ అని రాసేసింది. లెక్కల సారుకి అలా రాయరు కదా.

ఇక నా పీరియడ్ సంగతి. వారంలో రెండు. సిలబస్ వెనకబడితే ముందు గుంజుకునేది నాదే. సైన్సు సారు తలుపు దగ్గర నిలబడి “మేడం, ఒక్క పీరియడ్” అంటాడు. చాక్‌పీసు గారూ మీరు కూడా చేసుంటారు, ఒప్పుకోండి.

దొరికిన పీరియడ్లో చాక్‌పీసులు చేయిస్తా. అచ్చుకి లోపల కిరసనాయిలూ వేరుశనగ నూనే కలిపి రాయాలి, లేకపోతే సుద్ద అతుక్కుపోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్ళల్లో కలపగానే పోసెయ్యాలి, ఎవడైనా జోక్ వేసి ఆగారా గిన్నెలోనే గడ్డకడుతుంది. అచ్చు విప్పేటప్పుడు ఎప్పుడూ వెనక బెంచీలో మాట్లాడని పిల్లాడొకడు “మేడం నేను” అని ముందుకొస్తాడు. వాడి చేతిలో ఒక్కటీ విరగదు. ఫస్టుర్యాంకు పిల్ల చేతిలో సగం విరుగుతాయి. అప్పుడు క్లాసులో లెక్కలు కాసేపు తారుమారవుతాయి. నా ఉద్యోగంలో నాకు నచ్చింది ఆ పావుగంటే.

చాక్‌పీసు_పొడి
నేను గుంజుకోలేదని చెప్తే మా బళ్ళో క్రాఫ్టు మేడం ఇక్కడికొచ్చి కొడుతుంది. కానీ ఒక్కటి అడుగుతా. పదో తరగతి ఫలితాల మీద నన్ను నిలదీస్తారు. చాక్‌పీసులు ఎన్ని విరిగాయని ఎవరైనా అడిగారా?

కుట్టుమిషను
అదే చెప్తున్నా. అడగని సబ్జెక్టుకి పీరియడ్ ఎందుకు మిగుల్తుంది?

సున్నాకి_సున్నా
మా బళ్ళో ఎస్‌యూపీడబ్ల్యూ అని ఉండేది. పూర్తి పేరు ఎవడికీ తెలీదు. ఆ పీరియడ్లో హెడ్మాస్టారి తోటకి నీళ్ళు పోసేవాళ్ళం

పాతపేపరు
సామాజికంగా ఉపయోగపడే ఉత్పాదక పని. 1977 ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ పెట్టిన పేరు. దానికి ముందు 1964-66 కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అంది. మీ తోట పని ఈ రెంటిలో దేని కిందికి వస్తుందో కొఠారీ గారే చెప్పాలి.

ఎమ్మెల్టీ_మనిషి
ఒకేషనల్ అనగానే అందరూ ఏడుస్తున్నారు. నేను దాంతోనే అన్నం తింటున్నా. పదిలో మార్కులు అంతంతమాత్రం. సర్కారు జూనియర్ కాలేజీలో ఎంపీసీ, బైపీసీ చదివించే స్థోమత ఉన్నా నాకు బుర్ర లేదనుకున్నారు. ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీలో చేర్పించారు. అంటే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. మొదటేడాదే ల్యాబులో స్లైడ్లు. వేలు గుచ్చి ఒక్క రక్తపు బొట్టు గాజు మీద వేసి, రెండో గాజుతో ఒక్క ఊపులో పలచగా లాగాలి. చెయ్యి వణికితే కణాలన్నీ ఒకదానిమీదొకటి. నా క్లాసులో మొదట కుదిరింది నాకే. జీవితంలో మొదటిసారి ఒక లెక్చరరు నా చెయ్యి చూపించి “ఇలా లాగాలి” అన్నాడు.

తర్వాత సర్కారు ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్, పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్, ప్రైవేటు ల్యాబు, ఇప్పుడు సొంత ల్యాబు. నాతోటి ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త కోర్సు) ఆడపిల్లల్లో కొందరు ఏఎన్‌ఎంలయ్యారు. కరోనాలో ఊరూరా తిరిగి టీకాలేసింది వాళ్ళే. పై చదువులకి పోవాలంటే బ్రిడ్జి కోర్సు కూడా ఉంది.

కాబట్టి రాజు గారూ, సబ్జెక్టు ఏదన్నది చూడండి. దాని చివర ఒక లైసెన్సో రిజిస్ట్రేషనో ఉంటే అది చదువే. అరలు సర్దడానికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే మీకు కోపం వస్తోంది.

కర్నూలు_రొట్టె
ఈ ఒక్క ముక్క కోసం ఇంతసేపు చదివినా. భలే చెప్పినావు అన్నా.

నల్గొండ_పిల్ల
ఎంఎల్‌టీ అన్న మంచిగ జెప్పిండు, గని ఒక్క మాట. “బుర్ర లేదనుకున్నరు” అన్నవు సూడు, ఆడనే ఉంది మొత్తం. మార్కులు రానోళ్ళనే అటు తోలుతరు. మంచి మార్కులొచ్చిన పిల్ల నాకు ఎంఎల్‌టీ కావాలంటె ఒక్క సారన్న ఒప్పుకుంటడా?

ఎమ్మెల్టీ_మనిషి
ఒప్పుకోడు. మా పాపకి పదిలో మంచి మార్కులొచ్చాయి. నేనే బైపీసీలో వేశా. నవ్వుకోండి.

మిరపతోట_రాజు
అన్నీ చదివా. బుర్ర తిరుగుతోంది గానీ బావుంది. పాతపేపరు గారూ, ఇన్ని కమిషన్లు చెప్పాక చివరికి ఎంతమంది చేరారు? లెక్కలేమైనా ఉన్నాయా?

పాతపేపరు
చేరినవాళ్ళ లెక్క కంటే చేర్చాలనుకున్న లెక్కే సరదాగా ఉంటుంది.

కొఠారీ: 1986కల్లా హైస్కూలు స్థాయిలో 20 శాతం, పది దాటాక 50 శాతం వృత్తివిద్యలో ఉండాలి. 1986 వచ్చింది. ఆ ఏడాదే కొత్త జాతీయ విద్యా విధానం: ఇంటర్ స్థాయిలో 1990కి 10 శాతం, 1995కి 25 శాతం చాలంది. 1988లో కేంద్రం డబ్బిచ్చి స్కీము మొదలెట్టింది, ఇంటర్ ఒకేషనల్‌కి ఊపు అప్పుడే. 1992లో విధానాన్ని సవరిస్తూ 10 శాతాన్ని 1995కి, 25 శాతాన్ని 2000కి జరిపారు. 2020 విధానం: స్కూలు, కాలేజీ కలిపి 2025కల్లా కనీసం 50 శాతం మంది వృత్తివిద్య రుచి చూడాలి. ఆరు నుంచి ఎనిమిది పిల్లలకి సంచి లేని పది రోజులు, వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో. అదే 2020 పత్రం పన్నెండో పంచవర్ష ప్రణాళిక అంచనాని ఎత్తి చూపింది: 19 నుంచి 24 ఏళ్ళ మధ్య పనిచేసేవాళ్ళలో లాంఛనంగా వృత్తివిద్య అందినవాళ్ళు మన దగ్గర 5 శాతం లోపు, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96.

సున్నాకి_సున్నా
ఇది మా అపార్ట్‌మెంట్ లిఫ్టు రిపేరు లాగుంది. వచ్చే సంక్రాంతికి తప్పకుండా

కోనసీమ_కుర్రోడు
ఐటీఐల్ని ఎవరూ లెక్కేసుకోరేంటండీ? మా అన్నయ్య ఫిట్టరు, షిప్‌యార్డులో.

చాక్‌పీసు_పొడి
లెక్కలోకి రాకపోడానికి కారణముంది. ఐటీఐ శిక్షణ 1950లో కార్మిక శాఖ కింద మొదలైంది, బడి విద్యాశాఖ కింద. రెండు శాఖలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. ఐటీఐలో మిషన్లు ఉంటాయి, పక్కనే బళ్ళో ఒకేషనల్ పిల్లలుంటారు. మధ్యలో ప్రహరీ. మా మండలంలో నిజంగానే ఒకే ప్రహరీ. మా ఆటోమొబైల్ పిల్లల్ని వారానికో రోజు అటు పంపుదామని నేను ఉత్తరం రాశా. రెండు శాఖల అనుమతి కావాలన్నారు. ఆ ఉత్తరం ఇంకా తిరుగుతోంది.

కుట్టుమిషను
రాసేది ఎందుకు సార్, గోడ దూకించండి. పిల్లలకి అదొక్కటి మనం నేర్పక్కర్లేదు.

మిరపతోట_రాజు
ఇవాళ బడికెళ్ళా. రిటైల్ చెప్పే అబ్బాయితో మాట్లాడా. డిగ్రీ, ఆపైన ఎంబీఏ. ఏజెన్సీ వాళ్ళు మూణ్ణెల్లుగా జీతం వెయ్యలేదట, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. పుస్తకం పక్కన పెట్టి వీళ్ళ చేత బడి దగ్గర నోటు పుస్తకాల కొట్టు పెట్టించాడు. కొన్న ధర, అమ్మిన ధర, మిగిలింది, అప్పు రాసినవాళ్ళు అన్నీ పిల్లలే రాస్తున్నారు. మావాడు అప్పుల పద్దు రాస్తున్నాడు. వాళ్ళ తాత చేతిరాతలాగే ఉంది.

అయినా నా ప్రశ్న నాకలాగే ఉంది. కాన్వెంటు పిల్లలకి లేనిది వీళ్ళకెందుకు? శనివారం స్కూల్ కమిటీ మీటింగు. రిటైల్ తీసెయ్యమని అడగను, ఎంఎల్‌టీ అన్న చెప్పినట్టు హెల్త్‌కేరో ఎలక్ట్రికల్ పనో ఇమ్మని అడుగుదామనుకుంటున్నా. అడిగితే ఇస్తారా?

చాక్‌పీసు_పొడి
నోటితో అడిగితే ఇవ్వరు. కమిటీ తీర్మానం రాయించండి, సంతకాలతో జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసుకి పంపండి. కొత్త ట్రేడులు బళ్ళు తెరిచాక కాదు, వచ్చే ఏడాది ప్రణాళిక రాసేటప్పుడే అడగాలి. ఆ కుర్రాడి జీతం సంగతి కూడా అదే తీర్మానంలో రెండో అంశంగా పెట్టండి. వాడు వెళ్ళిపోతే ఆ కొట్టు నడిపేది మళ్ళీ ఏ లెక్కల సారో.

నల్గొండ_పిల్ల
మూడో అంశం గూడ రాయిండ్రి. ఈ సబ్జెక్టు ప్రైవేటు బళ్ళల్ల ఎందుకు లేదో జవాబియ్యాలె అని.

కోనసీమ_కుర్రోడు
దానికి మాత్రం నేనూ సంతకం పెడతానండి.

తాతగారి_ఖాతా
కాఫీ అయింది. తాతయ్య మొత్తం చదివించుకున్నాడు. డల్లాస్ బాబాయిని అడగమంటున్నాడు: “ఆ పక్షిగూట్లోకి పక్షి వచ్చిందా?”

డల్లాస్_బాబాయి
ఎదురింటాయన చేసినదాంట్లో ఉడత కాపురం పెట్టిందని చెప్పండి.

కొత్తసభ్యురాలు_పద్దు
టాపిక్ కాకపోతే ఏమనుకోకండి. కుట్టుమిషను అక్కా, టైలరింగ్ లోయర్ పరీక్ష కట్టాలంటే ఎక్కడ అడగాలి? ఇంట్లో మిషను ఉంది, జాకెట్లు కుడతా, సర్టిఫికెట్ లేదు.

కుట్టుమిషను
డీఈవో ఆఫీసులో పరీక్షల సెక్షన్‌లో అడుగమ్మా, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫీజు కట్టాలి. జాకెట్లు వచ్చు కాబట్టి కటింగు గురించి భయం లేదు. కాజాలు చేత్తో కుట్టడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో, మిషను మీద అలవాటు పడ్డవాళ్ళంతా అక్కడే దొరికిపోతారు.